చేతులు కదలని మనిషికి ట్యాబ్లెట్ అమర్చడం: తలతో, ముఖంతో, కళ్లతో

తాటిచెట్టు మీంచి పడి వెన్నుపూస దెబ్బతిన్న గీత కార్మికుడు కావచ్చు, బైకు ప్రమాదంలో మెడ నరాలు దెబ్బతిన్న పిల్లగాడు కావచ్చు, మోటార్ న్యూరాన్ జబ్బుతో చేతులు పడిపోయిన టీచరమ్మ కావచ్చు. చేతులు పనిచేయకపోయినా మెడ, ముఖం, కళ్లు ఈ మూడింట్లో ఒక్కటి మాట వింటే ట్యాబ్లెట్ నడపవచ్చు. ఫోన్ చేయొచ్చు, వాట్సాప్‌లో రాయొచ్చు, యూట్యూబ్‌లో కావలసింది వెతుక్కోవచ్చు, దూప (దాహం) అయితుందని పక్కగదిలోకి వినిపించేలా చెప్పొచ్చు. దీనికి పెద్ద మిషన్ అక్కర్లేదు. ఇంట్లో ఉన్న ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్, దాని ముందు కెమెరా, కదలకుండా పట్టుకునే స్టాండు సరిపోతాయి. కళ్లు మాత్రమే కదిలే మనిషికైతే ఐప్యాడ్ కావాలి.

చాలా ఇళ్లలో ఇది మొదలైన వారానికే మూలనపడుతుంది. యాప్ బాగాలేదనుకుంటారు. లోపం ఎక్కువగా స్టాండులోనో, వెలుతురులోనో, ఎంచుకున్న సైగలోనో ఉంటుంది. అందుకే ఇక్కడ సెట్టింగ్స్ కన్నా ముందు వాటి సంగతి రాశాం. ఈ వరుసలోనే చేయండి.

ముందు మనిషి, తర్వాత ట్యాబ్లెట్

ట్యాబ్లెట్ పక్కన పెట్టి, మనిషి ఎదురుగా కూర్చోండి. ఒక్కో కదలికను 20 సార్లు చేయమని అడగండి: నోరు తెరవడం, నవ్వడం, కనుబొమ్మలు ఎత్తడం, ఎడమకు చూడడం, కుడికి చూడడం, పైకి చూడడం, తలను కొద్దిగా ఇటూ అటూ తిప్పడం. కాగితం మీద లెక్క రాసుకోండి. మీరు అడిగిన వెంటనే 20లో 16 సార్లయినా స్పష్టంగా వచ్చిన కదలిక పనికొస్తుంది. పదోసారికి అలసిపోతే ఆ కదలిక మీద ఆశ పెట్టుకోకండి. ఇదే పరీక్ష పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేయండి. పొద్దున సులువుగా ఎత్తిన కనుబొమ్మలు సాయంత్రానికి లేవకపోవచ్చు, మోటార్ న్యూరాన్ జబ్బులో ఇది మామూలే. సాయంత్రం లెక్కనే ప్రమాణంగా తీసుకోండి.

మెడకు ఆపరేషన్ అయి ఎక్కువ రోజులు కాకపోతే, లేదా కాలర్ ఇంకా వేసుకుంటుంటే, డాక్టరు సరే అనేదాకా తలతో నడిపే పద్ధతి జోలికి పోకండి. ముఖం సైగలతో మొదలుపెట్టండి.

ఏ కదలిక వాడాలో చివరి మాట ఆ మనిషిదే. మాట్లాడలేకపోయినా అవును, కాదు అని చెప్పే దారి ఏదో ఒకటి ఉంటుంది. కనుబొమ్మలు ఎత్తితే బాగుంటుందని మీకనిపించినా, అందరి ముందు అలా చేయడం ఆయనకు నచ్చకపోతే ఆ ట్యాబ్లెట్ మూలకు చేరుతుంది.

పరీక్ష అయ్యాక దారి తేలిపోతుంది. తల నాలుగు వైపులా నిలకడగా కదిలితే తలతో బాణం గుర్తును నడిపే పద్ధతి అన్నిటికన్నా వేగం. తల నిలవదు గానీ ముఖంలో ఒకటి రెండు సైగలు గట్టిగా వస్తే, సైగను బటన్ నొక్కినట్టు లెక్కించే కెమెరా స్విచ్. తలా ముఖమూ రెండూ కదలక కళ్లు మాత్రమే తిరుగుతుంటే కంటిచూపుతో నడిపే ఐప్యాడ్. తల ఆగకుండా ఊగే సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు మామూలు కెమెరాతో కంటిచూపు పట్టడం చాలా కష్టం. వాళ్లకు ఒకే సైగతో కెమెరా స్విచ్ ప్రయత్నించండి.

స్టాండు: సగం పని ఇక్కడే

8 అంగుళాల ట్యాబ్లెట్ బరువు 350 గ్రాముల చుట్టూ ఉంటుంది, 10 నుంచి 11 అంగుళాలది అర కిలో దాకా. ఆన్‌లైన్‌లో దొరికే వంగే మెడ స్టాండ్లు ఫోన్లకు సరే. అర కిలో ట్యాబ్లెట్ పెడితే గంటలో రెండు మూడు అంగుళాలు కిందికి జారుతాయి, ఫ్యాన్ గాలికి ఊగుతాయి. ట్యాబ్లెట్ ఊగితే, మనిషి కదలకపోయినా తల కదిలిందనే కెమెరా అనుకుంటుంది. ట్యాబ్లెట్ జారితే కంటిచూపు లెక్క తప్పుతుంది.

మనిషి మంచం మీదే ఉంటే ఆసుపత్రిలో అన్నం పెట్టుకునే చక్రాల బల్ల, సర్జికల్ షాపుల్లో కార్డియాక్ టేబుల్ అంటారు, అన్నిటికన్నా సులువు. ఎత్తు మార్చుకోవచ్చు, పక్కకు నెట్టేయొచ్చు. దాని మీద బరువైన పుస్తక స్టాండు పెట్టి ట్యాబ్లెట్‌ను ఆనించండి. చక్రాలకు బ్రేకు ఉన్నదే తీసుకోండి.

అది కుదరకపోతే వెల్డింగ్ షాపులో చేయించండి. వరంగల్, హన్మకొండ, కరీంనగర్‌లోనే కాదు, ఏ మండల కేంద్రంలోనైనా గేట్లు చేసే వెల్డింగ్ షాపు ఉంటుంది. కొలతలు ఇలా చెప్పండి. ఒక అంగుళం చదరపు ఇనుప పైపు. అడుగున ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో పాదం, రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, మంచం కిందికి దూరేలా. నిలువు పైపు నాలుగడుగులు. దాని పైన రెండున్నర అడుగుల అడ్డ చేయి, పైకీ కిందికీ జరిపి బిగించేలా బోల్టుతో. పాదం మీద, అడ్డ చేయి సాగిన వైపుకు ఎదురు పక్కన, ఐదు కిలోల ఇసుక సంచి పెట్టండి.

అడ్డ చేయి కొసకు ట్యాబ్లెట్ పట్టుకునే క్లిప్పు బిగించాలి. ఫోటో స్టాండ్లకు వాడే ట్యాబ్లెట్ హోల్డర్లకు మామూలుగా అడుగున పావు అంగుళం మర ఉంటుంది, అంగుళానికి 20 చుట్లు. హార్డ్‌వేర్ షాపులో అడిగితే చేతికి 6 ఎం.ఎం. బోల్టు ఇస్తారు. చూడ్డానికి ఒకేలా ఉంటుంది, రెండు చుట్లు ఎక్కి ఆగిపోతుంది, బలవంతంగా తిప్పితే హోల్డర్ మర పోతుంది. హోల్డర్‌ను షాపుకు తీసుకుపోయి పావు అంగుళం బోల్టు అక్కడే పట్టించి చూసుకోండి, దాన్నే పైపుకు వెల్డింగ్ చేయించండి.

చక్రాల కుర్చీకైతే చేతులు ఆనించే గొట్టానికి పట్టే క్లాంపు తీసుకోండి. గొట్టానికి ముందు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దాని మీద క్లాంపు బిగిస్తే జారదు.

ఒక్కటి మాత్రం తప్పక చేయండి. ట్యాబ్లెట్‌ను మనిషి ముఖానికి సరిగ్గా పైన, కిందికి చూసేలా వేలాడదీయకండి. పడితే చేయి అడ్డం పెట్టుకోలేని మనిషి. దిండ్లతోనో మంచం తల భాగం ఎత్తియో నడుము పై భాగాన్ని 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఉంచి, ట్యాబ్లెట్‌ను ఛాతీకి ఎదురుగా, ముఖం ఎంత వాలి ఉందో అంతే వాల్చి పెట్టండి. హోల్డర్‌కూ పైపుకూ కలిపి నైలాన్ తాడు ఒక ముడి అదనంగా వేయండి.

దూరం: కళ్ల నుంచి తెరకు 45 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర. టైలర్ టేపుతో కొలవండి. ఎత్తు: కెమెరా కళ్ల ఎత్తులోనో, రెండంగుళాలు కిందనో ఉండాలి. కెమెరా మరీ కిందుంటే కనురెప్పలు కంటిపాపను కప్పేస్తాయి, కళ్లు మూసుకున్నట్టు కనిపిస్తుంది. సరిగ్గా కుదిరాక నేల మీద స్టాండు పాదం చుట్టూ, మంచం కోళ్ల చుట్టూ పెయింటుతోనో టేపుతోనో గుర్తు గీయండి. ఊడ్చేటప్పుడు జరిపినా మళ్లీ అదే చోటికి వస్తుంది.

వెలుతురు, వేడి

కెమెరాకు ముఖం కనబడాలి. మంచానికి తల వైపున కిటికీ ఉంటే పగలంతా ముఖం నల్లగా పడుతుంది. మంచం తిప్పడం కుదిరితే కాళ్ల వైపు కిటికీ వచ్చేలా తిప్పండి, కుదరకపోతే కిటికీకి ముదురు రంగు పరదా వేయండి. రాత్రి నడినెత్తిన ఉన్న ట్యూబులైటు కళ్ల కింద నీడలు వేస్తుంది. ట్యాబ్లెట్ వెనక, ఎదుటి గోడ వైపు తిప్పి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. గోడ మీద పడి తిరిగొచ్చే వెలుగు మెత్తగా, సమంగా ఉంటుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద వెలిగే బల్బు ఇదే అయ్యేలా చూసుకోండి, లేకపోతే చీకట్లో ట్యాబ్లెట్ ఉన్నా లేనట్టే.

కళ్లద్దాలు ఉంటే వాటిలో బల్బు మెరుపు కంటిపాప మీద పడుతుంది. బల్బును ఒక పక్కకు జరపండి. నుదుటి మీద పడే జుట్టు కనుబొమ్మలను దాస్తే పిన్ను పెట్టండి. గడ్డం బాగా పెరిగితే నోరు తెరిచిన సైగ కెమెరాకు అందకపోవచ్చు.

ఎండాకాలం ఇంకో కష్టం. కెమెరా ఆగకుండా నడిచినంతసేపూ ట్యాబ్లెట్ వేడెక్కుతుంది. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెలలో రామగుండం, వరంగల్ వైపు పగటి వేడి 44, 45 దాకా పోతుంది, రేకుల ఇంట్లో సంగతి చెప్పనక్కర్లేదు. తెర మసకబారడం, సైగకు ఆలస్యంగా స్పందించడం, దానంతటదే ఆగిపోవడం, ఇవన్నీ వేడి వల్లే. వెనక కవరు తీసేయండి. మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టకండి, తెల్లవారుజామున పెట్టండి. కూలర్ గాలి ట్యాబ్లెట్ వీపుకు తగిలితే మంచిదే గానీ, కూలర్‌ను స్టాండుకు తాకనీయకండి, ఆ అదురు మొత్తం తెరకు ఎక్కుతుంది.

ఆండ్రాయిడ్‌లో ముఖం సైగలు

తెరను వేలితో ముట్టకుండా ఒకటి రెండు స్విచ్‌లతోనే నడిపే ఆండ్రాయిడ్ సదుపాయం స్విచ్ యాక్సెస్. గూగుల్ 2021లో దానికి కెమెరా స్విచ్‌ను చేర్చింది. ఆరు సైగలను గుర్తిస్తుంది: నోరు తెరవడం, నవ్వడం, కనుబొమ్మలు ఎత్తడం, ఎడమకు, కుడికి, పైకి చూడడం. ఉచితం.

1. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, స్విచ్ యాక్సెస్ తెరవండి. ఆ పేరు కనబడకపోతే ప్లే స్టోర్‌లో గూగుల్ స్విచ్ యాక్సెస్ అని వెతికి ఎక్కించండి.
2. ఆన్ చేయగానే అనుమతి అడుగుతుంది, తర్వాత స్విచ్ రకం అడుగుతుంది. కెమెరా స్విచ్ ఎంచుకోండి. కెమెరాకు అనుమతి ఇవ్వండి.
3. ఒక స్విచ్చా, రెండు స్విచ్‌లా అని అడుగుతుంది. గట్టి సైగ ఒక్కటే ఉంటే ఒకటి. రెండుంటే తప్పకుండా రెండు.
4. స్కానింగ్ ఎలా ఉండాలో ఎంచుకోండి. ఒక్కో వస్తువు చుట్టూ గీత వస్తూ పోవడాన్ని స్కానింగ్ అంటారు. మొదట వరుసగా వెళ్లే లీనియర్ పెట్టండి. దానికి అలవాటు పడ్డాక, ముందు వరుసను, తర్వాత అందులోని వస్తువును ఎంచుకునే రో-కాలమ్‌కు మారండి.
5. సైగలను పనులకు కేటాయించండి. రెండు స్విచ్‌లైతే ఒకటి నెక్స్ట్‌కు, ఒకటి సెలెక్ట్‌కు. ఒక్కటే అయితే ఆటో స్కాన్ ఆన్ అవుతుంది, గీత దానంతటదే నడుస్తుంది, మీ మనిషి సైగ చేస్తే ఆగి ఎంచుకుంటుంది.
6. ఇంకో సైగ మిగిలితే దాన్ని కెమెరా స్విచ్‌ను తాత్కాలికంగా ఆపే పాజ్‌కు కేటాయించండి.

ఆరో మెట్టును చాలామంది దాటేస్తారు. పాజ్ లేకపోతే మనిషి ఇంట్లోవాళ్లతో మాట్లాడినా, నవ్వినా, అన్నం తిన్నా ట్యాబ్లెట్ ఏదో ఒకటి తెరుస్తూనే ఉంటుంది. మనవడిని చూసి నవ్వితే ఎవరికో ఫోన్ పోతుందంటే, ఆ మనిషి నవ్వడం మానేస్తాడు. అంత నష్టం ఏ యాప్ కోసమూ జరగకూడదు.

సైగలను ఎంచుకోవడంలో ఇంకొన్ని సంగతులు. నోరు ఎప్పుడూ కొద్దిగా తెరిచి ఉండే మనిషికి నోరు తెరిచే సైగ వద్దు, చొంగ కారే మనిషికీ వద్దు. పైకి చూడడం అనేది తెర పై వరుస చదివేటప్పుడు కూడా జరుగుతుంది, అందుకే దాన్ని సెలెక్ట్‌కు పెట్టకండి, పాజ్‌కు పెట్టండి. ముఖంలో ఒక పక్క పడిపోయి ఉంటే నవ్వు సైగ అందకపోవచ్చు. కనుబొమ్మలు ఎత్తడం ఎక్కువమందికి కుదురుతుంది, మాటలతో, తిండితో కలవదు.

సైగలు సరిగా పడకపోతే కెమెరా స్విచ్ సెట్టింగ్స్‌లో రెండు కొలతలు ఉంటాయి: జెస్చర్ సైజ్, జెస్చర్ డ్యూరేషన్. సైగ చేసినా పట్టడం లేదంటే సైజు తగ్గించండి. చేయకుండానే పడుతుంటే డ్యూరేషన్ పెంచండి, అప్పుడు సైగను కాసేపు నిలిపితేనే లెక్కలోకి వస్తుంది. రెండింటినీ ఒకేసారి మార్చకండి. ఒకటి మార్చి 20 సార్లు చేయించి, కాగితం మీద లెక్క చూసి, తర్వాత రెండోది ముట్టుకోండి.

ఆటో స్కాన్ వేగం మొదట రెండు సెకన్లు పెట్టండి. వేగం పెంచాలని ఇంట్లోవాళ్లకే తొందర ఎక్కువ. వరుసగా మూడు రోజులు తప్పులు తగ్గితే అప్పుడు ఒకటిన్నరకు దించండి.

రో-కాలమ్ ఎందుకంటే లెక్క చూడండి. ఇంగ్లీషు కీబోర్డులో అక్షరాల వరుసలు 10, 9, 7. లీనియర్‌లో చివరి అక్షరం ఎం దగ్గరికి రావడానికి 26 అడుగులు. ఒకటిన్నర సెకన్ల వేగంతో 39 సెకన్లు. రో-కాలమ్‌లో ముందు వరుస, తర్వాత అక్షరం: ఎం మూడో వరుసలో ఏడోది, 3 కలిపి 7, పది అడుగులు, 15 సెకన్లు. ఏ అక్షరానికైనా 11 అడుగులు దాటవు. రెండు సైగలు గట్టిగా వచ్చేవాళ్లకు గ్రూప్ సెలెక్షన్ ఇంకా మంచిది. కీలన్నీ రెండు రంగుల్లో సగం సగం అవుతాయి, కావలసిన అక్షరం ఏ రంగులో ఉంటే ఆ సైగ, ఉన్నవి మళ్లీ సగమవుతాయి. 32 కీలు ఐదు సైగల్లో ఒకటికి వస్తాయి. నేర్చుకోవడానికి పదిహేను రోజులు పడుతుంది, విసుగు పడకండి.

శాంసంగ్ ట్యాబ్లెట్లలో ఇదే పనికి వాళ్ల సొంత యూనివర్సల్ స్విచ్ ఉంటుంది, యాక్సెసిబిలిటీలో ఇంటరాక్షన్ అండ్ డెక్స్‌టెరిటీ కింద. అందులో తల ఎడమకు కుడికి తిప్పడం, నోరు తెరవడం, నవ్వడం, కళ్లు ఆర్పడం ఉంటాయి. మామూలుగా రెప్పలు వేసినా ఆర్పడం కింద పడే ప్రమాదం ఉంది, దాన్ని చివరి దారిగానే చూడండి.

తలతో బాణం నడపడం

ఆండ్రాయిడ్‌లో ఈవా ఫేషియల్ మౌస్ అనే ఉచిత యాప్ ముఖాన్ని పట్టుకుని తెర మీద బాణం గుర్తును తల కదలికతో నడుపుతుంది. బాణాన్ని ఒకచోట కాసేపు నిలిపితే నొక్కినట్టు. మొదట వేగం తక్కువలో పెట్టండి. తలను ఎంత తక్కువ కదిలిస్తే తెర ఈ కొస నుంచి ఆ కొసకు పోతుందో అదే సరైన వేగం, మెడ నొప్పి అక్కడే తేలిపోతుంది. పది నిమిషాలకు ఒకసారి ఆపి తలను దిండుకు ఆనించాలి. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే ఇదే రకం పని చేసే ఎనేబుల్ వయాక్యామ్ విండోస్‌లో, లినక్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, పెద్ద తెర మీద తల పద్ధతి ఇంకా సులువు.

ఐప్యాడ్‌లో కంటిచూపు

2024 సెప్టెంబరులో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 18 నుంచి అదనపు పరికరం లేకుండానే ఐ ట్రాకింగ్ ఉంది. అన్ని ఐప్యాడ్లలో ఉండదు. 10వ తరం ఐప్యాడ్‌లో, మినీ 6వ తరంలో ఉంది. పాతది కొంటుంటే డబ్బులిచ్చే ముందే సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీలోకి పోయి ఐ ట్రాకింగ్ అనే వరుస ఉందో లేదో కళ్లారా చూడండి. అది లేని పాత ఐప్యాడ్ ఇంట్లో ఉంటే పారేయకండి, స్విచ్ కంట్రోల్‌లో కొత్త స్విచ్‌గా కెమెరా పెట్టి తల ఎడమకు, కుడికి తిప్పడాన్ని రెండు స్విచ్‌లుగా వాడొచ్చు.

1. స్టాండు, దూరం, వెలుతురు పైన చెప్పినట్టు సరిచూడండి. కెమెరా అద్దాన్ని మెత్తటి బట్టతో తుడవండి. ఇళ్లలో అగరుబత్తి పొగ, వంట జిడ్డు పట్టి మసకగా ఉంటుంది.
2. ఐ ట్రాకింగ్ ఆన్ చేయండి. తెర మీద ఒక చుక్క చోట్లు మారుతుంది. తల కదపకుండా కళ్లతో దాని వెంట పోవాలి. ఆ సమయంలో మీరు పక్కన మాట్లాడకండి, ఆయన మీ వైపు చూస్తే కొలత చెడిపోతుంది.
3. తర్వాత చూసిన వస్తువు చుట్టూ గీత వస్తుంది. చూపు నిలిపితే నొక్కినట్టు. ఎంతసేపు నిలపాలో అసిస్టివ్ టచ్‌లో డ్వెల్ కంట్రోల్ కింద మార్చుకోవచ్చు. రెండు సెకన్లతో మొదలుపెట్టండి.
4. గీత వణుకుతుంటే స్మూతింగ్ పెంచండి. చిన్న బటన్ల మీద పడకపోతే స్నాప్ టు ఐటెమ్ ఆన్ ఉందో చూడండి. కీబోర్డు కీల మీద చూపు నిలిపినప్పుడు పెద్దవి చేసే జూమ్ ఆన్ చేయండి.

మనిషిని పక్కకు తిప్పినా, దిండు మార్చినా, మంచం ఎత్తినా కొలత మళ్లీ చేయాలి. తెర ఎడమ పై మూల మీద చూపు నిలిపితే అది మళ్లీ మొదలవుతుంది, ఎవరినీ పిలవనక్కర్లేదు. ఇది ఆయనకు మొదటి రోజే నేర్పండి. కళ్లు ఎండిపోతాయి, పావుగంట వాడి ఐదు నిమిషాలు మూసుకోమనండి. రెప్పలు సరిగా మూతపడని జబ్బులైతే కంటి డాక్టరు చెప్పిన చుక్కలు వేసిన వెంటనే ఐ ట్రాకింగ్ వాడొద్దు, తడి మెరుపు చూపును తప్పుపట్టిస్తుంది.

తెలుగులో రాయడం, చెప్పడం

తెలుగు కీబోర్డులో కీలు చిన్నవి, ఎక్కువ. చూపుతోనో స్కానింగ్‌తోనో గుణింతాలు వేస్తూ పోతే ఒక వాక్యానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆండ్రాయిడ్‌లో జీబోర్డ్ ఎక్కించి, తెలుగు కింద ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు వచ్చే రకం ఎంచుకోండి. 26 పెద్ద కీలు చాలు, రెండు మూడు అక్షరాలకే పై వరుసలో మాట కనబడుతుంది.

దానికన్నా ముందు రోజూ వాడే మాటలకు పొట్టి గుర్తులు పెట్టండి. జీబోర్డ్ సెట్టింగ్స్‌లో డిక్షనరీ, పర్సనల్ డిక్షనరీ. ఐప్యాడ్‌లో జనరల్, కీబోర్డ్, టెక్స్ట్ రీప్లేస్‌మెంట్. ఇంగ్లీషు డి రెండుసార్లు కొడితే "దూపైతుంది, నీళ్లియ్యి", పి రెండుసార్లు కొడితే "పక్కకు తిప్పు" వచ్చేలా. పుస్తకం తెలుగులో కాదు, ఆ ఇంట్లో మాట్లాడే తీరులోనే రాయండి. ఆయన గొంతు మళ్లీ వినబడాలంటే మాట ఆయనది కావాలి. "ఉక్కపోస్తుంది, ఫ్యాన్ పెంచు", "దోమలు కుడుతున్నయ్", "గొంతుల తెమడ ఉంది", "ఇప్పుడొద్దు", "తలుపు దగ్గరికెయ్యి" లాంటివి ఇరవై సరిపోతాయి. చివరి రెండూ తప్పక ఉండాలి. అవసరాలు అడిగే మాటలే పెట్టి, వద్దనే మాట పెట్టడం మరచిపోతుంటారు.

వెన్నుపాముకు ఛాతీ ఆరో పూస వద్దగానీ, ఆపైనగానీ దెబ్బ తగిలినవాళ్లకు ఒక మాట వేరుగా, హోమ్ తెర మీద పెద్దగా ఉండాలి: "తల పగులుతుంది, మూత్రం పైపు చూడు". మూత్రం సంచి నిండినా, పైపు మెలిపడినా బీపీ ఒక్కసారిగా పెరిగి తలనొప్పి, చెమటలు వస్తాయి. అది ప్రాణం మీదికి రావచ్చు. వెంటనే కూర్చోబెట్టి, పైపు సరిచేసి, తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

బయటికి వినిపించడానికి గూగుల్ ట్రాన్స్‌లేట్ యాప్ చాలు. తెలుగులో రాసి స్పీకర్ గుర్తు నొక్కితే చదువుతుంది. రోజూ వాడేవి నక్షత్రం గుర్తుతో దాచుకోవచ్చు. గొంతు చిన్నగా ఉంటే బ్లూటూత్ స్పీకర్‌ను వంటింటి దగ్గర పెట్టండి.

ఇబ్బంది పెట్టేవి

తెర ఆరిపోయి లాక్ పడితే మళ్లీ తెరవడానికి ఇంకొకరు కావాలి. స్క్రీన్ టైమవుట్ వీలైనంత ఎక్కువ పెట్టి, ఈ ట్యాబ్లెట్‌కు లాక్ తీసేయండి. లాక్ లేదు కనుక బ్యాంకు యాప్‌లు, యూపీఐ ఇందులో పెట్టకండి. పైగా కొన్ని బ్యాంకు యాప్‌లు యాక్సెసిబిలిటీ సేవలు ఆన్ ఉంటే తెరుచుకోవు.

నిన్నటిదాకా పనిచేసి ఇవాళ ఆగిపోతే ముందు స్టాండు గుర్తులు, తర్వాత బల్బు, తర్వాత కెమెరా అద్దం చూడండి. ఆ తర్వాతే సెట్టింగ్స్. కొన్ని కంపెనీల ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లు బ్యాటరీ ఆదా పేరుతో ఇలాంటి సేవలను వాటంతటవే ఆపేస్తాయి. ఆ యాప్‌కు బ్యాటరీ సెట్టింగ్స్‌లో అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి. వెనుక మనుషులు కనిపిస్తే కెమెరా వేరొకరి ముఖాన్ని పట్టుకోవచ్చు, మంచం తల వైపు నిలబడి చూడకండి. సంరక్షించేవాళ్లు ట్యాబ్లెట్‌ను వేలితో వాడుకోవాలంటే, వాల్యూమ్ బటన్లు రెండూ మూడు సెకన్లు నొక్కి స్విచ్ యాక్సెస్‌ను ఆపే షార్ట్‌కట్ ముందే పెట్టుకోండి. వెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం మరవొద్దు. మరిస్తే ఆయన దగ్గర తెర వెలుగుతూ ఉంటుంది గానీ, మిమ్మల్ని పిలిచే దారి మూసుకుపోతుంది.

మొదటి వారం రోజుకు పది పదిహేను నిమిషాలు మించొద్దు. అవసరాలతో కాదు, ఇష్టమైనదానితో మొదలుపెట్టండి: యూట్యూబ్‌లో ఒగ్గు కథ ఆపడం, నడపడం. తప్పు పడినా నష్టం లేని చోట చేయి తిరుగుతుంది.

కరెంటు లేనప్పుడు అట్ట

ట్యాబ్లెట్ ఎంత బాగున్నా ఒక అట్ట మంచం పక్కన వేలాడాలి. తెల్ల అట్ట మీద మార్కర్‌తో ఏడు వరుసలు రాయండి:

1. అ ఇ ఉ ఎ ఒ
2. క గ చ జ
3. ట డ ణ
4. త ద న
5. ప బ మ
6. య ర ల వ
7. శ స హ ళ

ఒత్తక్షరాలు, దీర్ఘాలు, గుణింతాలు వద్దు, వినేవాళ్లే అందుకుంటారు. మీరు "ఒకటా, రెండా, మూడా" అని అడుగుతూ పోవాలి, వరుస రాగానే ఆయన కనుబొమ్మ ఎత్తాలి. తర్వాత ఆ వరుసలో అక్షరాలు ఒక్కొక్కటే చదవాలి. ద నాలుగో వరుసలో రెండోది, ఆరు ప్రశ్నలు. ప ఐదో వరుసలో మొదటిది, ఆరు ప్రశ్నలు. "ద, ప" అనగానే మీ చేయి నీళ్ల గ్లాసు మీదికి పోతుంది. మాట పూర్తికాక ముందే ఊహించి చెప్పినా, అవునో కాదో ఆయన కనుబొమ్మ చెప్పేదాకా ఆగండి. అట్ట వెనక వైపు ఆయన అవునుకు ఏ సైగ చేస్తాడో, కాదుకు ఏది చేస్తాడో పెద్దక్షరాలతో రాసి పెట్టండి, ఆసుపత్రికి పోతే ట్యాబ్లెట్ కన్నా ముందు ఆ అట్ట వెంట పోవాలి.